మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. (−3)×(−4) = 12 అని సరిగ్గానే చేస్తుంది. ఎందుకంటే మాత్రం 'మైనస్ మైనస్ ప్లస్' అంటుంది. −3−4కి కూడా అదే సూత్రం వాడి 7 అని రాస్తోంది. ఎలా సరిదిద్దాలి?

జవాబు: −3−4లో గుణకారమే లేదు. సంఖ్యారేఖ మీద సున్నా నుంచి ఎడమకు మూడు అడుగులు, మళ్లీ ఎడమకే నాలుగు. చేరేది −7 దగ్గరికి. తప్పు పాపది కాదు, ఆ బట్టీ మాటది. దాన్ని మాన్పించి 'రెండు రుణసంఖ్యల లబ్ధం ధనసంఖ్య' అని పూర్తిగా పలికించండి.

ఇక కారణం. (−3)×4 అంటే −3ని నాలుగుసార్లు కూడటం, −12. ఇందులో చిక్కు లేదు. మైనస్ నాలుగుసార్లు కూడటం కుదరదు కాబట్టి ఎక్కాన్ని వెనక్కి నడిపించండి. (−3)×2 = −6, (−3)×1 = −3, (−3)×0 = 0. గుణించే సంఖ్య ఒకటి తగ్గినప్పుడల్లా లబ్ధం 3 పెరుగుతోంది. ఆ వరసలోనే (−3)×(−1) = 3; అలా పోతే (−3)×(−4) = 12.

అయితే వరస కుదిరినంత మాత్రాన రుజువైనట్టు కాదు. విభాగ న్యాయం (a×(b+c) = a×b + a×c) తెలిసిన పిల్లలకు ఇది చూపండి: 4+(−4) = 0 కనుక (−3)×[4+(−4)] కూడా 0. విడదీస్తే (−3)×4 + (−3)×(−4) = 0. మొదటి ముక్క −12. దానికి 12 కలిపితేనే సున్నా అవుతుంది.

రెండు రుణాల లబ్ధం ధనమని బ్రహ్మగుప్తుడు 628లోనే బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో చెప్పాడు. అలాగని రుణమంటే అప్పు అనే కథతో మొదలుపెట్టకండి. అప్పుని అప్పుతో గుణించడమేమిటని పాప అడిగితే ఇరుక్కుపోతారు.

అభ్యాసానికి 8−3×(−2) ఇవ్వండి. ముందు 8లోంచి 3 తీసేసి, వచ్చిన 5ని −2తో గుణించి −10 అనేవాళ్లు ఉంటారు. గుణకారం ముందు: 3×(−2) = −6, ఆపైన 8−(−6) = 14.

ప్రశ్న: −3² విలువ పుస్తకంలో −9 అని ఉంది. ఎక్సెల్‌లో =-3^2 కొడితే 9 వస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు: పుస్తకాన్నే. ఘాతం 3కి మాత్రమే చెందుతుంది. మైనస్ తర్వాత చేరుతుంది. 9 కావాలంటే (−3)² అని బ్రాకెట్ పెట్టాలి. ఎక్సెల్ మాత్రం ముందున్న మైనస్‌ని సంఖ్యకే అంటించి, ఆ తర్వాత వర్గం చేస్తుంది. అక్కడ −9 రావాలంటే =-(3^2) అని కొట్టండి.