కారుతున్న ఆయిల్ కూలర్ పైపు గురించి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

జీపు నిలిపిన చోటల్లా నూనె మరకలు పడుతున్నాయని, ఇంజను నూనెను చల్లబరిచే ఆయిల్ కూలర్ పైపుకు ఎం-సీల్ పూసి పైన క్లిప్పు బిగిస్తే సరిపోతుందని షెడ్డులో చెప్పారని రాశావు. ఆ పని చేయించవద్దు. చల్లటి ఇంజను స్టార్టు చేసినప్పుడు ఆ పైపులో చదరపు సెంటీమీటరుకు నాలుగైదు కిలోల ఒత్తిడి ఉంటుంది. ఎండలో బరువుతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు నూనె వేడి 100 డిగ్రీలు దాటుతుంది. అంతటి వేడిలో, ఒత్తిడిలో పైపూత నిలవదు. పైపు ఊడిందంటే కొద్దిసేపట్లోనే నూనెంతా రోడ్డు పాలై బేరింగులు పట్టేస్తాయి. కాబట్టి దారిలో ఆయిల్ లైటు వెలిగితే, ఇల్లు ఎంత దగ్గరలో ఉన్నా సరే, అక్కడే ఇంజను ఆపెయ్యి.

ముందుగా కారుతున్నది ఆ పైపేనని తేల్చుకో. గాలికి నూనె వెనక్కి పాకి ఎక్కడో కింద బొట్టు కడుతుంది కనుక, ఆయిల్ లైటును వెలిగించే ప్రెషర్ స్విచ్చు కారినా ఫిల్టరు సీలు కారినా నింద పైపు మీదే పడుతుంది. ఇంజను చల్లారాక ఆ భాగమంతా డీజిలుతో కడిగి, తుడిచి, బాగా ఆరనిచ్చి, ముఖానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లి, ఇంజనును కొన్ని నిమిషాలు నడిపి చూడు. ఫ్యానుకు చేతులు, కండువా దూరంగా ఉంచు. పొడి మొదట ఎక్కడ నల్లబడుతుందో లీకు అక్కడే. చాలాసార్లు అది రబ్బరు హోసును లోహపు గొట్టానికి నొక్కి బిగించిన క్రింపింగు దగ్గరే కనబడుతుంది. చూశాక ఇంజను ఆపెయ్యి. ఆ జాయింటు కారుతున్నట్లు తేలితే పైపు మొత్తం మార్చడమే మార్గం. తడి బోల్టు దగ్గర మాత్రమే ఉంటే రాగి వాషర్లు గానీ, ఓ-రింగులు (రబ్బరు వలయాలు) గానీ మారిస్తే చాలు. పాతవి మళ్లీ వాడకు. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టనివ్వకు, దాని పీలికలు నూనె దారులకు అడ్డం పడతాయి.

కంపెనీ పైపు దొరకకపోతే ఆటోనగర్‌లో హైడ్రాలిక్ హోసులు క్రింపు చేసే దుకాణానికి పాత పైపును నమూనాగా తీసుకుని వెళ్లు. ప్రెషరు ఎంత తట్టుకుంటుందో వాళ్లే చెబుతారు, వేడి సంగతి మాత్రం నీవు అడగాలి. మామూలు హైడ్రాలిక్ హోసుల్లో చాలావాటి హద్దు 100 డిగ్రీలే. నీకు అంతకంటే ఎక్కువ వేడికి పనికివచ్చేది, ఇంజను నూనెకు ఉబ్బనిది కావాలి. లోపలి రంధ్రం పాతదానికంటే సన్నగా ఉండకూడదు. హోసు కోసినప్పుడు రాలిన రబ్బరు పొట్టును గాలికొట్టి, కడిగి, రెండు మూతులకూ గుడ్డలు కట్టి తీసుకురా.

బిగించేటప్పుడు రెండు పానాలు వాడించు. కూలరు మూతిని ఒకదానితో కదలకుండా పట్టుకుని, నట్టును రెండవదానితో తిప్పాలి. లేకపోతే అల్యూమినియం మూతి మెలితిరిగి, పైపు కోసం వెళ్లినవాడివి కూలరు కొనుక్కుని వస్తావు. పైపు ఛాసిస్‌కు ఎక్కడా ఒరుసుకోకుండా క్లాంపు తప్పక వేయించు. ఇంజనును మోసే రబ్బరు మౌంటింగులు కూడా చూడమను. అవి కుంగి ఉంటే ఇంజను ఊగిన ప్రతిసారీ పైపు లాగబడి కొత్త క్రింపింగు కూడా వదులవుతుంది, కానీ ఈ సంగతి చాలామంది పట్టించుకోరు.

అంతా అయ్యాక నూనె పోసి, డీజిలు అందకుండా చేసి, ఆయిల్ లైటు ఆరే వరకూ సెల్ఫు ఆగి ఆగి కొట్టించి, ఆ తరువాతే స్టార్టు చేయించు. కూలరు, పైపులు నిండేసరికి మట్టం తగ్గుతుంది కనుక ఇంజను ఆపి కాసేపాగి, డిప్‌స్టిక్ చూసి మళ్లీ పోయాలి. ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక జాయింట్లను పొడిగుడ్డతో తుడిచి చూడు. తడి తగిలితే అదే పనిగా బిగించకుండా, విప్పి వాషరు కూర్చున్న తీరు చూడమను.

ఇట్లు,
మామయ్య