గనులు మూసేశాక కేజీఎఫ్ ఏమైంది? ఊరు మళ్లీ లేస్తుందా?

కర్ణాటకలోని కోలార్ బంగారు గనులు (కేజీఎఫ్) మూతపడ్డాక ఆ ఊరు ఏమైంది, ఇప్పుడు మళ్లీ బంగారం తీస్తామంటున్నారు కదా, దాంతో ఊరు బాగుపడుతుందా అని అడిగారు. నేను పుట్టి పెరిగింది అక్కడే, ఛాంపియన్ రీఫ్స్ అనే గని పక్కన. అయితే మాది గనిలో దిగిన కుటుంబం కాదు, గనిలో దిగేవాళ్లకు అప్పిచ్చిన కుటుంబం. మా తాత కుప్పం దగ్గరి పల్లె నుంచి వచ్చి కార్మికుల లైన్ల పక్కన అంగడి పెట్టాడు. తర్వాత దాన్ని మా నాయన నడిపాడు. కాబట్టి నేను చెప్పేదంతా గల్లాపెట్టె వెనక నుంచి చూసిందే.

సినిమా చూసి మా ఊరొచ్చేవాళ్లు మసిబారిన ఎడారిని వెతుక్కుంటారు. ఉన్నది వేరు. పాత చర్చిలు, గుళ్లు, దొరల బంగళాలు, షాఫ్టుల (గనిలోకి దిగే నిలువు బావుల) మీద తుప్పు పట్టిన టవర్లు, వరసగా లైన్ ఇళ్లు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, బడిలో కన్నడం, గనిలో ఇంగ్లిషు ముక్కలు. కూడికలు, తీసివేతలు నాకు ఇప్పటికీ మనసులో తమిళంలోనే వస్తాయి.

అంగడి అంతా ఖాతా పుస్తకం మీద నడిచేది. బియ్యం, పప్పు, కిరసనాయిలు, బీడీలు, అన్నీ నెలంతా అప్పే. జీతాల రోజు సాయంత్రం వచ్చి తీర్చేవాళ్లు. నాయన ఖాతాలు పేర్ల మీద కాకుండా టోకెన్ నంబర్ల మీద రాసేవాడు, ఎందుకంటే ఒక్క లైన్లోనే నలుగురు మునుస్వాములు ఉండేవాళ్లు. ఆ రోజు నాకు మధ్యాహ్నం నుంచి బడి ఎగ్గొట్టే అనుమతి ఉండేది, కూడికలు నా పని. మేమే కాదు, ఊరి బజారు రాబర్ట్‌సన్‌పేటలో చీరల అంగళ్లవాళ్లు, మటన్ కొట్టువాళ్లు, చిట్టీలు వేసే ఆమె, సారాయి అంగడివాడు, అందరూ ఆ సాయంత్రం కోసమే కాచుకుని ఉండేవాళ్లు. బంగారం ఊరంటారు కానీ గనిలోంచి వచ్చిన బంగారాన్ని మాలో ఎవరూ కళ్లతో చూసింది లేదు. మేము చూసింది జీతాల రోజునే.

ఇంకోటి కూడా చూశాం. గని లోతు 3 కిలోమీటర్లు దాటింది. అంత లోతులో పైనున్న బరువుకు తట్టుకోలేక ఒక్కోసారి రాయి ఒక్కసారిగా పగిలి చిమ్మేది. ఇంజనీర్లు దాన్ని రాక్‌బర్స్ట్ అంటారు, మా ఊళ్లో ఎయిర్‌బ్లాస్ట్ అనేవాళ్లు. పైన మాకు చిన్న భూకంపంలా తెలిసేది. అంగట్లో గాజుసీసాలు టకటకమని కొట్టుకునేవి. నాయన వెంటనే తలెత్తి గోడగడియారం చూసేవాడు, అప్పుడు ఏ షిఫ్ట్ కింద ఉందో లెక్క కట్టడానికి. కాసేపటికి ఆడవాళ్లు కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని షాఫ్ట్ వైపు పరిగెత్తేవాళ్లు. ఎవరికీ ఏమీ కాలేదని తెలిసిన రోజున అదే ఆడవాళ్లు తిరిగొస్తూ మా అంగట్లో కాఫీపొడి కొనుక్కుని పోయేవాళ్లు. నాయన ఆ కాఫీపొడి ఖాతాలో రాసేవాడు కాదు.

అసలు అంత లోతుకు ఎందుకు పోయారంటే, పైనున్న మంచి రాయంతా దొరలు ముందే తీసేశారు. 1873లో లావెల్ అనే ఐరిష్ సైనికుడు గని తవ్వడానికి మైసూరు సర్కారును అనుమతి అడిగాడు (బెంగళూరు లావెల్ రోడ్డు ఆయన పేరు మీదే). 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చాక గనులు నిజంగా నడిచాయి. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది దాని తర్వాత, 1905లో. ఈ కరెంటు ముచ్చట చెప్పుకోని కేజీఎఫ్ ముసలాయన ఉండడు. 120 ఏళ్లలో మొత్తం 800 టన్నుల దాకా బంగారం తీశారు. తొలి రోజుల్లో టన్ను రాయికి పదుల గ్రాములు వచ్చేది. చివరికొచ్చేసరికి మూడు, నాలుగు గ్రాములు. ఆ మూడు గ్రాముల కోసం మనుషుల్ని 60 డిగ్రీలు దాటిన రాళ్ల మధ్యకు దించాలి, వాళ్లకు చల్లగాలి పంపాలి, ఊటనీళ్లు తోడాలి, టన్ను రాయి కిలోమీటర్ల పైకి లాగాలి.

దీనికి తోడు ధర గొడవ. గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి వచ్చాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ కంపెనీ ఏర్పడింది. తీసిన బంగారాన్ని చాలా ఏళ్లు అంతర్జాతీయ ధరకే ప్రభుత్వానికి ఇవ్వాల్సి వచ్చింది. బయట బజారులో ధర అంతకంటే ఎక్కువ. లెక్కల్లో నష్టం ఏటేటా పేరుకుపోయింది. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. అప్పుడు 10 గ్రాముల ధర నాలుగు వేల చిల్లర. ఇప్పుడు లక్ష దాటింది. ఇది చూసి మా ఊళ్లో చాలామంది "ఇంకొన్నేళ్లు ఆగుంటే సరిపోయేది" అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. రాయచూరు జిల్లాలో హట్టి గని ఇప్పటికీ నడుస్తోంది, నిజమే. కానీ మా గని అంత లోతు దానికి లేదు. మా గని ఏదో ఒక రోజు ఆగేదే. ఆ రోజు వస్తుందని ఇరవై ఏళ్ల ముందు నుంచే తెలిసినా ఊరికి ఇంకో బతుకుతెరువు చూడకపోవడం మాత్రం ఎవరూ క్షమించకూడని విషయం. 1964లో వచ్చిన బీఈఎంఎల్ ఫ్యాక్టరీ ఒక్కటే పక్కన నిలబడింది, బుల్డోజర్లు చేస్తూ. అది లేకపోతే 2001లోనే ఊరు సగం ఖాళీ అయ్యేది.

మూసిన మర్నాడు నాకు గుర్తున్నది ఒకటే. నాయన అంగడి ఆలస్యంగా తెరిచాడు. జీవితమంతా షిఫ్ట్ సైరన్ విని లేచిన మనిషి, అలారం పెట్టుకోవడం తెలియదు.

ఆ తర్వాత జరిగింది బయటివాళ్లు ఊహించరు. మొదటి ఆరు నెలలు మా అంగడికి ఎప్పుడూ లేనంత బేరం. సెటిల్‌మెంట్ డబ్బులు వచ్చినవాళ్లు పాత బాకీలు తీర్చారు, కూతుళ్ల పెళ్లిళ్లు చేశారు, కొందరు ఆటోలు కొన్నారు. రాబర్ట్‌సన్‌పేటలో టీవీ అంగళ్ల ముందు జనం. నాయన ఒక్కడే సంతోషపడలేదు. "జీతం కాదురా ఇది, విత్తనాల బియ్యం వండుకుంటున్నారు" అన్నాడు. రెండో ఏటికి ఖాతా పుస్తకం మారిపోయింది. నెల సరుకులు కొనేవాళ్లు ఐదు రూపాయల నూనె, పావు కిలో బియ్యం అడగడం మొదలుపెట్టారు. ఏ రోజుకారోజు కూలి. 2006లో మేము అంగడి మూసేశాం. వసూలు కాని ఖాతాలు చాలానే మిగిలాయి, నాయన ఎవరి గుమ్మం ముందూ నిలబడలేదు.

కింద పంపులు ఆపడంతో సొరంగాలు నీళ్లతో నిండిపోయాయి. నాకు దీని మీద బాధ ఎక్కువ, ఎందుకంటే ఆ లోతు కూడా ఒక ఆస్తే. 1965లో ఛాంపియన్ రీఫ్స్ గని లోపల టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు జపాన్, ఇంగ్లండ్ వాళ్లతో కలిసి, వాతావరణంలో పుట్టి భూమిని కూడా దాటిపోయే న్యూట్రినోలనే సూక్ష్మ కణాలను పట్టుకున్నారు. ప్రపంచంలో అది మొదటిసారి చేసినవాళ్లలో వాళ్లున్నారు. అలాంటి చోటు ఇప్పుడు చెరువు. కుప్పం పక్కనే, మన చిత్తూరు వైపున్న చిగురుగుంట, బిసానత్తం గనులు కూడా ఆ ఏడాదే ఆగిపోయాయి.

మరి ఊరు ఎలా బతికింది? రైలు మీద. పొద్దున చీకటితోనే మారికుప్పంలో బయల్దేరే బండి ఛాంపియన్, ఊరిగాం, కోరమాండల్ స్టేషన్లలో జనాన్ని ఎక్కించుకుని బంగారుపేట మీదుగా బెంగళూరు పోతుంది. వేల మంది. సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు, నర్సులు, మాల్స్‌లో పిల్లలు, సాఫ్ట్‌వేర్ వాళ్లు. నేను పదకొండేళ్లు ఆ బండిలో తిరిగాను. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. దాంట్లోనే కూరగాయలు తరగడం, జడలు వేయడం, భజనలు, పేకాట, చీటీ పాటలు, పెళ్లి సంబంధాలు. నా పెళ్లి కూడా ఆ బండిలోనే కుదిరింది, మా అత్త వైట్‌ఫీల్డ్‌లో దిగేది. గని పోయినా షిఫ్ట్ పోలేదన్నమాట, కాకపోతే గనిలో మనుషుల్ని దించే కేజ్ కిందికి దిగేది, ఇది అడ్డంగా పోతుంది. తేడా ఏమిటంటే జీతం బెంగళూరులో వస్తుంది, సరుకులు కూడా చాలావరకు అక్కడే కొనేస్తారు. ఊరికి మిగిలేది నిద్ర.

ఇప్పుడు మీరడిగిన కొత్త బంగారం సంగతి. గని రాయి పొడి చేసి, సైనైడ్‌తో కడిగి బంగారం తీశాక మిగిలిన ఇసుకను పక్కన పోశారు. వాటినే సైనైడ్ దిబ్బలంటాం. 13 దిబ్బలు, వెయ్యి ఎకరాల మేర, 3 కోట్ల టన్నులకు పైగా మట్టి. పాత పద్ధతుల్లో తీయలేకపోయిన బంగారం వాటిలో ఇంకా కొంత ఉంది. వాటిని తిరిగి వేలం వేసి తీయించే కేంద్రం ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. నేను దీనికి వ్యతిరేకం కాదు. పైగా దిబ్బలు పోతే చాలని కోరుకునేవాణ్ని. ఆషాఢం గాలికి ఆ తెల్లదుమ్ము వచ్చి అన్నం గిన్నెలో పడేది. మా అమ్మ చివరి వరకు ఏ గిన్నె మీదా మూత తీసి పెట్టలేదు, బెంగళూరు వచ్చాక కూడా.

కానీ ఉద్యోగాలు? మనుషులు కిందికి దిగే గని కాదు అది. పైనున్న ఇసుకను పొక్లెయిన్లతో ఎత్తి ట్యాంకుల్లో కడిగే పని. వందల మందికి పని దొరకొచ్చు, ఒకప్పటి వేలు రావు. ఆ ఇసుకైనా ఏదో ఒక రోజు అయిపోతుంది. పైగా టెండర్లు, కోర్టులు మాకు కొత్త కాదు. 2006లో ఒకసారి గ్లోబల్ టెండర్ అన్నారు, 2013లో సుప్రీంకోర్టు సరేనంది, అంగడి ముందు అరుగు మీద దాని గురించి మాట్లాడిన ముసలాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు.

నాకు ఆశ ఉన్నది వేరే చోట. గనికి అవసరం లేని భూమిలో ఇండస్ట్రియల్ పార్కు పెట్టే ఆలోచన ఉంది. బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే బేతమంగళం పక్క నుంచి పోతోంది, హొస్కోటె నుంచి అక్కడి దాకా ముక్క వాడుకలోకి వచ్చింది కూడా. లేత్ మీద, వెల్డింగ్ మీద తరాలుగా చెయ్యి తిరిగినవాళ్లు ఊళ్లో ఉన్నారు. ఫ్యాక్టరీ పెట్టేవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఊరు లేచిందా లేదా అని నేను చూసే కొలత చాలా చిన్నది: పొద్దున బంగారుపేట వైపు నుంచి వచ్చే బండిలో కోరమాండల్‌లో ఎంతమంది దిగుతున్నారు అని. పోయినసారి వెళ్లినప్పుడు నాతో కలిపి తొమ్మిది మంది. వాళ్లలో ముగ్గురు దిబ్బ ఎక్కి రీల్స్ తీసుకోవడానికి వచ్చిన కుర్రాళ్లు.

ఒకవేళ మీరు స్థలం కొనే ఆలోచనతో అడిగి ఉంటే, బంగారం వార్తలు చూపించి రేటు పెంచే బ్రోకర్లు ఇప్పటికే తిరుగుతున్నారు. పాత కాలనీ ఇంటి పత్రాలు లాయరుకు చూపించకుండా అడ్వాన్సు ఇవ్వకండి. దిబ్బకు గాలివాటున ఉన్న ప్లాటు ఎంత చవకగా వచ్చినా వద్దు. ఆషాఢంలో ఒకసారి వెళ్లి, అక్కడ పది నిమిషాలు నిలబడి చూసి అప్పుడు బేరమాడండి.