ఎస్‌యూవీ వెనక అద్దం మార్పించే ముందు ఏం చూసుకోవాలి?

డిక్కీ అద్దం పగిలింది, షోరూంలో 14,000 అంటున్నారు, బయట 7,500కే వేస్తామంటున్నారు. ఎక్కడ వేయించాలి, ఇన్సూరెన్స్ పెట్టాలా వద్దా, శుక్రవారం వేయిస్తే శనివారం తెల్లవారుజామున తిరుపతి బయల్దేరొచ్చా? మీరడిగింది ఇదే కదా. రెండేళ్ల కిందట సంక్రాంతికి నేనూ అచ్చం ఈ లెక్కలే వేసుకుంటూ కూర్చున్నాను కాబట్టి తెలిసింది చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

మా అత్తగారిది అమలాపురం పక్కన పల్లె. పండక్కి వెళ్లి తిరిగొచ్చేటప్పుడు డిక్కీ ఎలా నిండుతుందో మీకు తెలియంది కాదు. బియ్యం బస్తా, అరటి గెల, జంతికల డబ్బాలు, అన్నీ సర్దేశాక ఆఖర్న ఒక పాత ఇత్తడి గంగాళం. "అటక మీద ఊరికే పడుంది బాబూ, అమ్మాయికి పనికొస్తుంది" అంటూ ఆవిడే మోసుకొచ్చి పెట్టారు. దాని చెవి అద్దం వైపు తిరిగి ఉందని నేను చూడలేదు. డోరు కిందికి లాగాను. ఠప్పుమని ఒక్కటే శబ్దం. ముగ్గుపిండి చల్లినట్టు అద్దమంతా ఒక్కసారిగా తెల్లబడిపోయింది. రెండు సెకన్లు అలాగే నిలబడింది. మా బావమరిది "బావగారూ, ఆగండాగండి" అంటుండగానే సగం లోపలికి, సగం నా కాళ్ల మీదికి జలజలా రాలిపోయింది. "పోన్లెండి, దిష్టి పోయింది" అన్నారు అత్తగారు. గంగాళానికి మాత్రం చిన్న సొట్ట కూడా పడలేదు.

అలా ఎందుకు రాలిందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. రాయి తగిలితే చీలుతుంది గానీ ఊడి పడదు. చిన్న దెబ్బైతే రెజిన్ నింపి సరిచేస్తారు కూడా. వెనక అద్దం సాధారణంగా టఫెన్డ్ గ్లాస్. గాజును బాగా వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చి తయారు చేస్తారు. మధ్యలో దెబ్బను బాగానే తట్టుకుంటుంది. కానీ గట్టి లోహం మొన ఒక్కచోట తగిలినా, అంచు దెబ్బతిన్నా మొత్తం చిన్న చిన్న ముక్కలైపోతుంది. కాబట్టి దీనికి రిపేరు అనే మాట లేదు, మార్చడమే. ఇంకో సంగతి. ఒకసారి టఫెన్ చేసిన గాజును మళ్లీ కొయ్యడం, బెజ్జం వెయ్యడం కుదరదు. ఇది గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

పగిలిన వెంటనే అందరూ చీపురు పట్టుకుంటారు. ముందు ఫోన్ తియ్యండి. నంబర్ ప్లేటు కనిపించేలా, పగిలింది కనిపించేలా నాలుగు ఫొటోలు తీశాకే ఊడవండి. క్లెయిమ్ పెడతారో లేదో తర్వాతి మాట. పెట్టేట్టయితే రిపేరుకు ముందే కంపెనీకి చెప్పాలి, వాళ్లు పంపే సర్వేయర్ వచ్చి నష్టం చూడాలి. అన్నీ చేయించేసి బిల్లు పంపితే పేచీ వస్తుంది.

అద్దం లేకుండా బండి నడపాల్సి వస్తే మందపాటి పాలిథీన్ కవర్ కట్టండి. టేపు మాత్రం పెయింటు మీద వేసేది పేపర్ మాస్కింగ్ టేపే అవ్వాలి. అట్టపెట్టెలకు వేసే బ్రౌన్ టేపు ఎండకు కాలి బంక వదిలేస్తుంది, దాన్ని గోకడం ఇంకో పని. నేను తెలియక ఎరువుల బస్తా కోసి కట్టుకుని, అద్దాలన్నీ బిగించుకుని బయల్దేరాను. రావులపాలెం దాటాక హైవే ఎక్కి స్పీడు పెరిగేసరికి బస్తా ఒక పక్క ఊడింది. ఏలూరు వచ్చేసరికి డీజిల్ వాసనకు నాకు తల పట్టేసింది, మా ఆవిడకు వాంతులు. ఎస్‌యూవీ వెనక భాగం నిలువుగా గోడలా ఉంటుంది కదా, బండి వేగంగా పోతుంటే అక్కడ గాలి సుడి తిరిగి సైలెన్సర్ పొగ ఆ కంతలోంచి లోపలికి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు, అదీ భయం. ముందు అద్దాలు కొంచెం దించి, ఏసీ ఫ్యాన్ బయటి గాలి మోడ్‌లో పెట్టి, దగ్గర్లోని ఊరి వరకే నడపండి. పిల్లలను వెనక కూర్చోబెట్టుకుని దూరప్రయాణం వద్దు.

ఇక ఇన్సూరెన్స్. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఆలోచించే పనే లేదు, డబ్బులు మీవే. మన బండి నష్టానికీ డబ్బిచ్చే కాంప్రహెన్సివ్ పాలసీ అయితే అద్దానికి తరుగు (వాడకం కింద తగ్గించే విలువ) కొట్టరు, బండి ఎంత పాతదైనా. బీడింగ్, క్లిప్పుల్లాంటి రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకు సగం కొడతారు, తరుగు కొట్టకుండా ఉండేందుకు అదనంగా కట్టే జీరో డెప్ ఉంటే అదీ ఉండదు. తప్పనిసరిగా మనం పెట్టుకోవాల్సింది 1500 సీసీ లోపు బండికి 1,000, ఆపైన 2,000. ఇంతవరకూ వింటే క్లెయిమ్ పెట్టెయ్యాలనిపిస్తుంది. కానీ అసలు దెబ్బ నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) దగ్గర, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. చిన్న అద్దం క్లెయిమ్ అయినా సరే, వచ్చే ఏడాది బోనస్ సున్నా నుంచి మొదలవుతుంది. తర్వాత మళ్లీ 20, 25, 35, 45, 50 శాతం మెట్లు ఎక్కాలి.

నా లెక్క చూడండి. నాకప్పుడు 45 శాతం ఉంది, క్లెయిమ్ లేకపోతే రెన్యువల్‌కు 50 అవుతుంది. బోనస్ తియ్యకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే మన బండి నష్టం కోసం కట్టేది, సుమారు 14,000. అంటే క్లెయిమ్ పెడితే మొదటి ఏడాదే 7,000 డిస్కౌంట్ పోతుంది. రెండో ఏడాది 50కి బదులు 20 శాతమే కాబట్టి ఇంకో 4,200. రెండేళ్లకే 11,200 అయింది. బిల్లు 8,500లో నా వాటా 1,000 పోగా కంపెనీ ఇచ్చేది 7,500. పెట్టలేదు, జేబులోంచే కట్టాను. మీ బండి కొత్తదై, బోనస్ ఇంకా ఏమీ లేకపోతే లెక్క తిరగబడుతుంది, అప్పుడు పెట్టండి. బోనస్ పోకుండా కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ కట్టి ఉంటే కూడా పెట్టొచ్చు, కానీ అద్దం క్లెయిమ్‌కు అది వర్తిస్తుందో లేదో ఫోన్లో కాకుండా మెయిల్‌లో రాయించుకోండి. జీరో డెప్ ఉంది కదా, బోనస్ పోదులే అని చాలామంది అనుకుంటారు. రెండూ వేరు.

ఇప్పుడు అసలు విషయం, ఏ అద్దం తెప్పించాలి. మీరు గాజుకు రేటు అడుగుతున్నారు గానీ వెనక అద్దమంటే ఉత్త గాజు కాదు. దాని మీద డీఫాగర్ గీతలుంటాయి, అద్దాన్ని వేడి చేసి పట్టిన ఆవిరిని పోగొట్టేవి, వాటి చివర రెండు పక్కలా కరెంటు టెర్మినల్స్ ఉంటాయి. కొన్ని బండ్లలో పైనున్న గీతలు రేడియో యాంటెన్నా. కొన్నింటిలో వైపర్ గాజులోంచే బయటికొస్తుంది, దానికి బెజ్జం ఉంటుంది. ఒకే మోడల్‌లో కింది వేరియంట్‌కు ఇవేవీ ఉండవు, పై వేరియంట్‌కు అన్నీ ఉంటాయి. ఫేస్‌లిఫ్ట్ (అదే మోడల్‌కు కొత్త రూపు) వచ్చిందంటే ఒంపు కూడా మారిపోవచ్చు. "బండి పేరు చెప్పండి చాలు" అనే షాపులో చాలు అనుకోకండి. ఆర్‌సీలోని ఛాసిస్ నంబర్ ఇచ్చి, దాన్నిబట్టి పార్టు తీయమనండి. విజయవాడ ఆటోనగర్‌లో నేను మొదట వెళ్లిన చోట చవగ్గా చెప్పారు. అద్దం గోడకు ఆనించి చూపిస్తే గీతలే లేవు. "సార్, మనకు మంచు ఎక్కడ, డీఫాగర్ ఎవరు వాడతారు" అన్నాడు కుర్రాడు. వానాకాలం ఏసీ వేసుకుని నడిపేవాణ్ని అడగాలి ఆ మాట. వైపర్ బెజ్జం సంగతి అడిగితే "డ్రిల్ వేసి ఇచ్చేస్తాం" అన్నాడు. టఫెన్డ్ గాజుకు డ్రిల్ పెడితే ఏమవుతుందో పైన చెప్పాను కదా, లేచి వచ్చేశాను.

అద్దం మూల అచ్చు కూడా చదవండి. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే నంబరు, తయారుచేసిన కంపెనీ పేరు ఉండాలి. సెయింట్ గోబెయిన్ సెక్యురిట్, ఏఐఎస్ లాంటివి బండి కంపెనీలకే అద్దాలు సరఫరా చేస్తాయి. బండి కంపెనీ లోగో లేకుండా అదే గాజు బయట దొరికితే నిశ్చింతగా తీసుకోవచ్చు, రేటులో తేడా చాలావరకు ఆ లోగోదే. అచ్చే లేని గాజు మాత్రం వద్దు. పక్క అద్దాలతో రంగు పోల్చి చూడండి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి తెలుపు అయితే రోజూ కంటికి గుచ్చుకుంటుంది. ఇంకా, "ఫ్రీగా బ్లాక్ ఫిల్మ్ వేసిస్తా" అంటే ఒప్పుకోకండి. వెనక అద్దం 70 శాతం వెలుతురు వదలాలని రూలు, పక్కవాటికి 50. పైన అంటించే నల్ల ఫిల్ములను సుప్రీంకోర్టు 2012లోనే కొట్టేసింది. చలానా ఒకెత్తు, రేపు ఆ ఫిల్మ్ పీకితే డీఫాగర్ గీతలు దాంతోపాటే లేచిరావచ్చు.

బిగించే పని గురించి. పాత బండ్లకు రబ్బరు బీడింగ్‌లో తాడు పెట్టి, సబ్బునీళ్లు రాసి లాగి కూర్చోబెట్టేవారు. ఇప్పటివాటికి ఎక్కువగా పీయూ (పాలీయురెథేన్) గమ్ముతో అతికిస్తారు. మంచి పనివాడు పాత గమ్మును రేకు కనిపించేదాకా గోకడు, పల్చటి పొర ఉంచి దాని మీదే కొత్తది వేస్తాడు. కత్తి తగిలి పెయింటు లేచిన చోట ప్రైమర్ రాస్తాడు. రాయకపోతే లోపల్లోపల తుప్పు పట్టి, ఏడాదికో రెండేళ్లకో నీళ్లు కారతాయి. గమ్ము ట్యూబు మీద ఎక్స్‌పైరీ తేదీ మీరే చూడండి, అడిగితే చిన్నబుచ్చుకోరు. పీయూకు బదులు సిలికాన్ తీస్తే అక్కడే ఆపండి. ఇవన్నీ జరగాలంటే మనం అక్కడ కుర్చీ వేసుకుని కూర్చోవాలి, బండి వదిలేసి సాయంత్రం వస్తానంటే కుదరదు.

కొత్త అద్దం పెట్టకముందే డిక్కీ డోరు లోపలి ప్లాస్టిక్ ప్యానెల్ విప్పించి వ్యాక్యూమ్ పట్టించండి. ముక్కలు సగం అందులోకే జారి ఉంటాయి. వదిలేస్తే డోరు తీసినప్పుడల్లా గాజుల పెట్టె కదిపినట్టు గలగల. సీటుబెల్టు బకిల్‌లో, సీటు పట్టాల్లో కూడా చూడండి. మాకు ఉగాది నాటికి కూడా ఒక ముక్క దొరికింది, మా అమ్మాయి అరికాలికి.

డబ్బులిచ్చే ముందు అన్నీ మీ చేత్తో వేసి చూడండి. డీఫాగర్ స్విచ్ వేసి కాసేపు ఆగి అద్దం మీద చెయ్యి పెడితే గీతల వెంట వెచ్చగా తగలాలి. వైపర్, రేడియో, రివర్స్ కెమెరా, పైనుండే బ్రేక్ లైటు. నేను ఇవన్నీ చూసి, వాషర్ ఒక్కటి చూడలేదు. వారం తర్వాత వెనక అద్దం దుమ్ముగా ఉందని బటన్ నొక్కితే బయట చుక్క రాలేదు. ఇంటికొచ్చి డిక్కీ తీస్తే కార్పెట్ తడి. గమ్ము సరిగ్గా వెయ్యలేదని షాపుకెళ్లి గొడవపడ్డాను. ఆయన మారుమాట్లాడకుండా ప్యానెల్ విప్పి, వేలెడు నల్లటి రబ్బరు ట్యూబు బయటికి లాగి చూపించాడు. ప్యానెల్ బిగించేటప్పుడు దాన్ని తగిలించడం మర్చిపోయారు. నేను నొక్కిన నీళ్లన్నీ డోరు లోపలికే పోయాయి. ఆయన సారీ చెప్పాడు, అరిచినందుకు నేనూ చెప్పాను. గమ్ము నిక్షేపంలా ఉంది, ఇప్పటికీ చుక్క కారలేదు.

షోరూమా, బయటా అంటే, వారంటీలో ఉన్న బండి, క్యాష్‌లెస్ క్లెయిమ్ అయితే షోరూమే. జేబులోంచి కడుతుంటే, సరైన పార్టు తెప్పించి ఎదురుగా బిగించే బయటి షాపు చాలు. అద్దాలు మాత్రమే వేసే షాపు చూసుకోండి, అన్ని పనులూ చేసే గ్యారేజీ వద్దు. లీకైతే ఉచితంగా చూస్తామని బిల్లు మీద రాయించండి.

తిరుపతి సంగతి. పీయూ గమ్ము గాలిలోని తేమతో నెమ్మదిగా గట్టిపడుతుంది, ఎంతసేపు అనేది ట్యూబు మీదే ఉంటుంది. కొన్నింటికి గంటలు, కొన్నింటికి పూర్తిగా ఒక రోజు. శుక్రవారం పొద్దున్నే షట్టర్ తీసేసరికి వెళ్లి వేయించుకుని, ట్యూబు మీద రాసిన సమయం తెల్లవారుజాముకు పూర్తవుతుంటే శనివారం వెళ్లొచ్చు. సాయంత్రం అయ్యిందంటే ఆదివారానికి జరపండి, లేదా రైలెక్కండి. మొదటి రోజు అన్ని అద్దాలూ మూసి తలుపు ధడాలున వెయ్యకండి, లోపలి గాలి కొత్త అద్దాన్ని బయటికి నెడుతుంది. ఒక అద్దం రెండు వేళ్లు దించి ఉంచండి. షాపువాడు అంటించిన టేపు మర్నాటిదాకా పీకొద్దు, ప్రెషర్ వాష్ రెండు మూడు రోజులు ఆగాలి. అలిపిరిలో చెకింగ్ వాళ్లు డిక్కీ తీయిస్తారు. మీరే దిగి తీసి, మీరే నెమ్మదిగా మూయండి, సామాన్లలో గట్టిదేదీ అద్దానికి ఆనకుండా చూసుకుని.