బుజ్జీ, ఫీజు కట్టేముందు ఇది చదువు

బుజ్జీ,

ఆన్‌లైన్‌లో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ ఎంబీయే చేస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. నాకు చెప్పకుండా దాచినందుకు ముందు కోపమొచ్చింది, తర్వాత ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నా. గుంటూరు కొత్తపేటలో హాస్పిటల్ ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర అందరి చేతా తిట్లు తింటూ, నైట్ డ్యూటీలు చేస్తూ చదువుతానంటే ఏ పెద్దమ్మకి గర్వంగా ఉండదు చెప్పు. కానీ భయం కూడా పట్టుకుంది.

లాప్‌టాప్, నెట్ చూసుకో, డ్యూటీల గురించి మీ ఇన్‌చార్జ్‌తో ముందే మాట్లాడు. ఇవి నేను చెప్పక్కర్లేదు.

నేను విజయవాడ సూర్యారావుపేటలో హాస్పిటల్ నర్సింగ్ సూపరింటెండెంట్‌గా ఉన్నప్పుడు మా బిల్లింగ్‌లో ఒకమ్మాయి ఉండేది, భలే చురుకు. ఏలూరు రోడ్డులో మేడమీద ఒక స్టడీ సెంటర్‌లో చేరింది, బోర్డు మీద ఎక్కడో వేరే రాష్ట్రం యూనివర్సిటీ పేరు. "మీరు ఫీజు కట్టి పరీక్ష నాడు వస్తే చాలు మేడం, అసైన్‌మెంట్లు మేమే రాయిస్తాం" అన్నాడట అక్కడాయన. ఆ మాట వినగానే లేచి వచ్చేయాల్సింది! ఈ పిల్ల పెళ్ళికి దాచుకున్న డబ్బు తీసి కట్టింది. సర్టిఫికెట్ వచ్చింది, మాకందరికీ స్వీట్లు పంచింది. తర్వాత ఓ ప్రభుత్వ పోస్టుకి ఎంపికైతే వెరిఫికేషన్‌లో ఆపేశారు, ఆ యూనివర్సిటీకి ఇక్కడ సెంటర్ పెట్టే అధికారమే లేదని. పరుగున వెళ్ళి చూస్తే ఆ గదిలో టైలరింగ్ షాపు నడుస్తోంది.

అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకోటి. ఆ కాగితం చూసే మా దగ్గర ఆమెకి డిశ్చార్జ్‌ల బాధ్యత ఇచ్చారు. పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ గారు ఇంటికెళ్ళమన్న పేషెంటు సాయంత్రానికీ మంచం మీదే ఉండేవాడు. మిగిలిన మందులు ఫార్మసీకి వెనక్కెళ్ళాలి, సమ్మరీ టైపవ్వాలి, ఫైనల్ బిల్లు తేలాలి, ఇన్సూరెన్స్ వాళ్ళు ఓకే అనాలి, ఇందులో పని ఎక్కడ ఆగిందో ఎలా పట్టుకోవాలో పాపం ఆమెకి తెలీదు. అది నేర్పే అసైన్‌మెంట్ ఇంకెవడో రాశాడు కదా. ఏడుస్తూ నా గదికొచ్చేది, నేను తిట్టేదాన్ని, తిట్టి క్యారేజీ విప్పి అన్నం పెట్టేదాన్ని.

అందుకే చెప్తున్నా, మధ్యలో ఏ మనిషినీ పెట్టుకోకు. గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2022లో చెప్పింది, నిజమే. కానీ యూనివర్సిటీకి పేరుంటే సరిపోదు. నువ్వు చేరే కోర్సుకి, నువ్వు చేరే సెషన్‌కి అనుమతి ఉందో లేదో యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో సైట్‌లో నువ్వే చూడాలి. చేరడానికి ఆ బ్యూరో ఇచ్చే డెబ్ ఐడీ కూడా కావాలి, దాన్ని నీ ఏబీసీ ఐడీతో, అంటే చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరుతో, నువ్వే తీసుకో, ఫోన్ చేసే కౌన్సెలర్లు ఎంత తియ్యగా అడిగినా ఓటీపీ చెప్పావో నా చేతిలో అయిపోయావే!

మెడికల్ రికార్డ్స్ కోర్సు కూడా ఆలోచిస్తున్నావట. 2021 అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందికొచ్చే కోర్సులు దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ 2025లో ఆపేసింది, మెడికల్ రికార్డ్స్ పని కలిసే హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ ఆ చట్టం జాబితాలో ఉంది. అది ఆన్‌లైన్‌లో చేయిస్తామని ఎవరైనా అంటే ఫోన్ పెట్టెయ్.

అసైన్‌మెంట్లంటావా, నీకు డెస్కే పెద్ద లైబ్రరీ. క్యాష్‌లెస్ డిశ్చార్జ్‌కి ఇన్సూరెన్స్ కంపెనీ 3 గంటల్లో ఓకే చెప్పాలని ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024లో రూలు పెట్టింది. మీ దగ్గర నిజంగా ఎంతసేపు పడుతోందో, అందులో మీవాళ్ళు కాగితాలు పంపడంలో తిన్న టైమెంతో రాసుకో, పేషెంట్ల పేర్లు మాత్రం వద్దు. మీ మేనేజ్‌మెంట్ పర్మిషన్ ఇస్తే అంతకన్నా మంచి ప్రాజెక్టు ఎక్కడా దొరకదు. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ డెస్క్‌లో కూర్చునేవాళ్ళతో స్నేహం చెయ్యి, ప్రీ ఆథరైజేషన్, అంటే ట్రీట్‌మెంట్‌కి ముందే అడిగే అనుమతి, ఎందుకు వెనక్కొస్తుందో పుస్తకం కన్నా బాగా చెప్తారు.

నైట్ డ్యూటీ దిగి వెంటనే క్లాసుకి కూర్చోకు, తిని పడుకో, రికార్డింగ్ ఎక్కడికీ పోదు. బండి మీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని లెక్చర్లు వింటూ రావడం లాంటి తెలివితేటలు అస్సలొద్దు తల్లీ, క్యాజువాల్టీలో నేను చూసినవి చాలు.

డబ్బు తగ్గితే లోన్ యాప్‌ల జోలికెళ్ళకుండా నన్నడుగు. కట్టేముందు ఆ అనుమతి పేజీ స్క్రీన్‌షాట్ నాకు వాట్సాప్‌లో పెట్టు. మీ అమ్మకి పెట్టి ఊరుకోకు, అది చదవకుండానే దణ్ణం బొమ్మ పంపేస్తుంది.

నీ పెద్దమ్మ