మేడమీద కచేరీలు పెట్టబోతున్న మేనకోడలికి

శ్రీకాకుళం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

విజయనగరంలో తాతగారి ఇంటి మేడమీది హాలులో ప్రతినెలా ఒక కచేరీ జరపాలనీ, మన రెండు జిల్లాల్లో ఎక్కడెక్కడ సంగీత కార్యక్రమాలు జరుగుతున్నాయో ఆ వివరాలన్నీ ఒకచోట చేర్చి నెలనెలా అందరికీ పంపాలనీ నువ్వు నిశ్చయించుకున్నావని మొన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్నగారి ఇంట్లో మళ్ళీ శ్రుతి వినబడబోతున్నదన్న సంతోషం ఒకవైపు. ఒక చిన్న సంగీత సభకు పద్దెనిమిదేళ్ళు కార్యదర్శిగా ఉండి, చివరికి దాన్ని నా చేతులతోనే మూసినవాణ్ణి గనుక దిగులు ఒకవైపు.

ఊళ్ళో పాడేవాళ్ళు లేరని ఎవరైనా అంటే నమ్మకు. 1919లో వెలసిన మన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు, 1936లో ఆ బాధ్యత ద్వారం వెంకటస్వామినాయుడుగారికి వచ్చింది. ఘంటసాల, సుశీల అక్కడే చదువుకున్నారు. అక్కడ డిప్లొమా పూర్తిచేసిన పిల్లలకు నలుగురి ఎదుట కూర్చుని గంటన్నరసేపు పాడుకొనే చోటు కరవయింది. పెద్ద సభలకు అక్కడ ఆనందగజపతి ఆడిటోరియం, ఇక్కడ బాపూజీ కళామందిర్ ఉన్నాయి, కాని వందల కుర్చీల ముందు కొత్తపిల్లను ఎవరు కూర్చోబెడతారు? నేను ఎరిగిన చిన్న చోట్లలో కొన్ని ఇళ్ళు అపార్టుమెంట్లయ్యాయి, కొన్ని హాళ్ళు పెళ్ళిళ్ళ అద్దెకు అలవాటుపడ్డాయి, నవరాత్రి పందిళ్ళలో హరికథ ఉండే వేళకు సౌండు బాక్సులు వచ్చాయి. అందుకే నీ ఆలోచన నాకు ఇంత ముద్దుగా తోచింది.

మామూలు జాగ్రత్తలు నీకూ తెలిసినవే. పక్కవాద్యాలవారి సంభావన ప్రధాన కళాకారుడి కవరుతోపాటే, అదే క్షణంలో ఇవ్వు. కరెంటు పోయినా పనిచేసే శ్రుతిపెట్టె ఒకటి దగ్గర ఉంచుకో. మాఘ ఫాల్గుణాల్లో మృదంగం వాయించేవాళ్ళు పెళ్ళిళ్ళకు వెళ్ళిపోతారు. ముహూర్తాలు లేని ఆషాఢం మనకు మంచి నెల, శూన్యమాసమని మీ అత్తగారు అన్నా వెనుదీయకు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వారంలో మాత్రం ఏమీ పెట్టకు, ఆ జనంలో తంబురా పట్టుకుని కోట దగ్గరినుంచి నడిచి రావడం ఎవరివల్లా కాదు.

ఇక నా తప్పు చెబుతాను. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

మా సభ ఒక బడి హాలు అద్దెకు తీసుకుని నడిచేది. ప్రతి కచేరీకి వారం ముందు నేను 70 పోస్టుకార్డులు రాసేవాణ్ణి: తేదీ, వారం, వేళ, పాడేవారు, వయొలిన్, మృదంగం. 1994లో ఒక పత్రిక జిల్లా పేజీలో ‘నేటి కార్యక్రమాలు’ అని చిన్న గడి వేయడం మొదలుపెట్టారు. డబ్బు తీసుకోకుండా వేస్తున్నారు గదా అని నేను కార్డులు మానేశాను. అప్పట్లో కార్డు 15 పైసలు. నెలకు 10 రూపాయల 50 పైసలు మిగిలాయని సభ లెక్కల్లో రాసుకుని ఎంతో సంబరపడ్డాను.

నాలుగో నెలలో విశాఖపట్నం నుంచి ఒక పెద్ద వయొలిన్ విద్వాంసుణ్ణి ఆదివారానికి పిలిచాము. శుక్రవారం సాయంత్రం పత్రికవారికి ప్రకటన ఇస్తూ, శనివారం పేపరులో వస్తుంది గదా అని ‘రేపు సాయంత్రం 6 గంటలకు’ అని రాశాను. తేదీ రాయలేదు, వారం రాయలేదు. చోటు లేక వారు దానిని ఆదివారం వేశారు. శనివారం ఆఫీసు పనిలో పడి నేను పేపరు విప్పలేదు. ఆదివారం ఉదయం విద్వాంసుణ్ణి దింపుకోవడానికి స్టేషనుకు పరిగెత్తాను. చదివినవాళ్ళందరికీ కచేరీ సోమవారమయింది.

ఆ సాయంత్రం హాలులో తొమ్మిదిమందిమి ఉన్నాము. ఆయన ఒక్క కీర్తన తగ్గించలేదు, మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనానికి కూడా నిండుగా సమయం ఇచ్చారు. కాంభోజి రాగం అంత నెమ్మదిగా, అంత లోతుగా వాయిస్తుంటే నేను వినలేదమ్మా, వాకిలివైపు చూస్తూ కూర్చున్నాను. కచేరీ అయ్యాక పెట్టె సర్దుకుంటూ ఆయన నన్ను దగ్గరికి పిలిచి, “బాబూ, ఊళ్ళో ఎవరైనా పెద్దలు పోయారా?” అని మెల్లగా అడిగారు. నేను ఏమీ చెప్పలేకపోయాను.

మరునాడు సాయంత్రం నలభైమందిదాకా వచ్చి, తాళం వేసిన తలుపు చూసి వెనుదిరిగారని వాచ్‌మన్ మంగళవారం చెప్పాడు. వాళ్ళలో నెల్లిమర్ల నుంచి బస్సులో వచ్చే ఒక రిటైరైన మాస్టారు, తాళంచెవి తెచ్చేవారు ఆలస్యమై ఉంటారనుకుని, టార్చిలైటు చేత పట్టుకుని ఏడు గంటలదాకా మెట్లమీద నిలబడ్డారట. ఆయన మరి మా సభకు రాలేదు. నెల్లిమర్ల వెళ్ళి క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను, ఒక్క కార్డు ముక్క కూడా రాయలేదు. మరుసటి నెల ముప్ఫైమంది వచ్చారు, ఆ పై నెల ఇరవైమంది. వినేవాళ్ళకు ఆ ఆదివారపు నమ్మకం ఒకసారి చెడింది, నేను తిరిగి కట్టలేకపోయాను. 1996లో హాలు అప్పగించేశాము. ఆ గడిని కూడా పత్రికవారు తరువాత ఎప్పుడో తీసేశారు.

కనుక నువ్వు పంపే వివరాల్లో ‘రేపు’ అనిగాని ‘ఈ ఆదివారం’ అనిగాని ఒక్కచోట కూడా ఉండకూడదు. ఇప్పుడు ఫోన్లలో వచ్చే సందేశాలు ఎవరో పంపగా ఎవరికో వారం తరువాత చేరుతున్నాయి. నా నెల్లిమర్ల మాస్టారు ఇప్పుడు పదిచోట్ల నిలబడతారు. తేదీ, వారం, సంవత్సరం, వేళ, వీధి గుర్తు, పక్కవాద్యాలవారి పేర్లు రాయి. పంపేముందు ఆ కచేరీ పెట్టేవాళ్ళకు స్వయంగా ఫోను చేసి నిర్ధారించుకో. ఏ కారణంచేతనైనా కచేరీ ఆగిపోతే, ఆ వేళకు తలుపు తీసి ఒక మనిషి అక్కడ కూర్చుని ఉండాలి, వచ్చినవారికి మంచినీళ్ళిచ్చి సంగతి చెప్పాలి. ఇందులో నేను ఏ సాకూ వినను.

మేడమీద పెడతానన్నావట, అదేం బుద్ధి? మన సంగీతం వినడానికి వచ్చేవాళ్ళలో సగంమందికి మోకాళ్ళ నొప్పులు. ఆ మెట్లు ఎంత నిటారుగా ఉంటాయో, చిన్నప్పుడు సరళీ వరుసలు పాడుతూ ఎక్కి దిగిన నీకు తెలియదా? కింద మండువాలో తివాచీ పరిచి, గోడవారగా పాతిక కుర్చీలు వేయించు. అరవైమంది హాయిగా పడతారు. నువ్వు మెట్లమీద కూర్చుంటే మీ అమ్మమ్మ బెల్లంముక్క చేతిలో పెట్టి వరుస తప్పినచోట మళ్ళీ పాడించేది, ఆ మండువా గాలికి నీ గొంతు వీధిదాకా వినబడేది.

అన్నట్టు, ఆ ఆదివారం తొమ్మిదిమందిలో నువ్వూ ఉన్నావు. నాలుగేళ్ళదానివి, మీ అమ్మ ఒడిలో ఆ కాంభోజికి నిద్రపోయావు.

నా చిరునామాల పుస్తకం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. 70 పేర్లలో చాలావాటిని ఎర్రసిరాతో కొట్టివేశాను; కొట్టివేయనివారి ఇళ్ళకు నువ్వే స్వయంగా వెళ్ళి రా, పిల్లలకు సంగీతం చెప్పిస్తున్నవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. మొదటి కచేరీకి నేను మధ్యాహ్నానికే వస్తాను, వాకిట్లో కూర్చుంటాను. ఏ రోజో ఫోనులో చెప్పవద్దు. తేదీ, వారం వేసి నాకు ఒక కార్డు రాయి.

ఇట్లు,
మీ మావయ్య