అతుక్కుపోయిన గాంధీ స్టాంపులు: నీళ్లలో వేయకండి

అన్నా, మిర్యాలగూడలో తాతగారి పెట్టెలో దొరికిన 1948 గాంధీ స్టాంపులు వానాకాలం తేమకు ఒకదానికొకటి అతుక్కుపోయాయని, నీళ్లలో నానబెట్టమంటున్నారని రాశారు. దయచేసి ఆగండి. ముందు వాటి మీద పోస్టాఫీసు ముద్ర ఉందో లేదో చూడండి. ముద్ర పడినవైతే మామూలు నీళ్లలో నానబెట్టొచ్చు. వాడనివైతే వెనకున్న అసలు జిగురే వాటి విలువ. నీళ్లలో వేస్తే అది పోతుంది, మళ్లీ రాదు.

వాడనివాటికి గాలి చొరని డబ్బా తీసుకోండి. అడుగున తడి స్పాంజి, దానిపైన చిన్న జల్లెడ, జల్లెడ మీద స్టాంపులు పెట్టి మూత వేయండి. నీళ్లు స్టాంపుకు తగలకూడదు, ఆవిరి చాలు. గంటకోసారి చూడండి. అంచులు కాస్త లేస్తే మొన చదునుగా ఉన్న ట్వీజర్‌తో మెల్లగా విడదీయండి. రాకపోతే లాగొద్దు, మళ్లీ డబ్బాలో పెట్టండి. విడివడ్డాక జిగురు వైపు పైకి ఉంచి నీడలో ఆరబెట్టండి. ఎండ వద్దు, ఇస్త్రీ అసలే వద్దు.

ఆ సెట్టులో ఒకటిన్నర, మూడున్నర, పన్నెండు అణాలవి, పది రూపాయలది కలిపి నాలుగు. స్విట్జర్లాండ్‌లోని కోర్వాజియే అనే ముద్రణ సంస్థలో అచ్చయ్యాయి. మీ దగ్గర పది రూపాయలది ఉంటే దాన్ని ముట్టుకోకుండా ముందు అనుభవజ్ఞుడికి చూపించండి. దానికి నకిలీలు చాలా ఉన్నాయి. అంతవరకు ఎవరు ఎంత ఇస్తామన్నా అమ్మకండి.