అమ్మకాలున్నాయి, డబ్బు నిలవట్లేదు

ప్రశ్న: చిన్న వ్యాపారం ఒక్కణ్ణే నడుపుతున్నాను. అమ్మకాలు బాగున్నా నెలాఖరుకు చేతిలో డబ్బు ఆడదు. రాత్రి దాకా ఫోన్లతోనే సరిపోతోంది. ఎక్కడ సరిచేసుకోవాలి?

జవాబు: ముందు ఇంటి డబ్బునూ వ్యాపారం డబ్బునూ విడదీయండి. రెండు బ్యాంకు ఖాతాలు తప్పనిసరి. గల్లాలోంచి అవసరమైనప్పుడల్లా తీసుకోవడం మానేసి, నెలకో తేదీన మీకు మీరే జీతం వేసుకోండి.

తర్వాత ధర చూడండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 100కు కొన్న సరుకు మీద 25 శాతం వేసి 125కు అమ్మితే, అమ్మిన ధరలో లాభం 20 శాతమే. దాని మీద 20 శాతం తగ్గింపు ఇచ్చారంటే మళ్లీ 100కే వచ్చి ఆగుతారు. అద్దె, కరెంటు, రవాణా, మీ శ్రమ అన్నీ చేతినుంచి పడ్డట్టే. అలా ఎంత ఎక్కువ అమ్మితే అంత నష్టం. అందుకే తగ్గింపు ప్రకటించే ముందు అమ్మే ధర మీద లెక్క కట్టండి, కొన్న ధర మీద కాదు.

రోజూ మూసే ముందు గల్లా లెక్కపెట్టండి. పొద్దున ఉన్న నగదుకు వచ్చింది కలిపి, ఖర్చు తీసేస్తే ఆ మొత్తమే ఉండాలి. తేడా వస్తే ఆ రాత్రే వెతకాలి, వారం పోతే గుర్తుండదు. అరువు బాకీలను గడువు తేదీల వరుసలో రాసుకోండి.

ఇక ఫోన్లు. వాటిలో చాలావరకు "మా పని అయిందా?" అని అడిగేవే. రెండు రోజుల పనికి మూడు రోజులు గడువు చెప్పి, ఆ తేదీ రసీదు మీద రాసివ్వండి. పూర్తవగానే మీరే కబురు పెట్టండి.